కొలువు, కంచుకం, రోమాంచం: ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ ఆల్బమ్ – ఒక పునఃశ్రవణం

వ్యాససంగ్రహం

బెంగళూరుకు చెందిన ‘అగమ్’ బృందం 2012లో వెలువరించిన ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ ఆల్బమ్‌లో త్యాగరాజస్వామి హంసనాద రాగకృతి ‘బంటురీతి కొలువు’, ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అనే పేరుతో ప్రోగ్రెసివ్ రాక్ రూపం ధరించింది. ఒకప్పుడు ఇష్టపడి, పరిశోధనకాలంలో విసర్జించిన ఈ ఆల్బమ్‌ను దాదాపు పదేళ్ళ తరువాత మళ్ళీ విన్న అనుభవం ఈ వ్యాసానికి ఆధారం. ఆసక్తి నశించడానికి గల కారణాలను అభినవగుప్తుడి రసవిఘ్నచర్చ వెలుగులో పరిశీలించడం, కృతిలోని రూపకం, ప్రాస, రాగస్వభావం రాక్ వాద్యసమ్మేళనంలో ఏ మార్పు పొందాయో వివేచించడం ఇందులోని ప్రయత్నం.

కీలకపదాలు: త్యాగరాజు, హంసనాదం, ప్రోగ్రెసివ్ రాక్, రసవిఘ్నాలు, సాత్త్వికభావం, సాంగరూపకం, పునఃశ్రవణం.

1. ఉపోద్ఘాతం

బుచ్చిరెడ్డిపాలెంలో డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థులకు వాగ్గేయకారుల పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, త్యాగరాజు పాట ఒకటి తన ఫోనులో ఉందని, అది వింటే ‘గూస్‌బంప్స్’ వస్తాయని చెప్పాడు. తరగతి నవ్వింది. కథానాయకుడు తెరమీదికి వచ్చే ఘట్టానికి వాడే మాటను త్యాగరాజుకు వాడినందుకు నేనూ నవ్వాను. వినిపించమన్నాను. పది క్షణాలు కూడా గడవకముందే గుర్తుపట్టాను. అది అగమ్ బృందం పాట. విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్ ద్వారా నాకు చేరి, ఏడాదికి పైగా రాత్రుళ్ళు నా చెవుల్లో మోగిన ఆల్బమ్‌లోనిది. ఆ తరువాత నేను దాన్ని విడిచిపెట్టాను. ఎవరైనా దాని ప్రస్తావన తెస్తే ‘వాద్యఘోష’ అని ఒక్క మాటతో తేల్చేసేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కృతిపాఠాన్ని ముందు పెట్టుకున్నప్పుడు గాని నా నవ్వు ఎంత తొందరపాటో తెలియలేదు. ఆ కృతి చరణంలో రోమాంచమే ప్రధానమైన మాట. రామభటుడికి కవచం రోమాంచమేనని త్యాగరాజు రూపించాడు. విద్యార్థి తన భాషలో చెప్పింది కృతిలో ఉన్న విషయమే. తెలుగులో డాక్టరేటు పొందిన నేను దాన్ని పోల్చుకోలేకపోయాను.

సాధారణంగా పరిశోధనవ్యాసంలో ‘నేను’కు చోటు తక్కువ. ఆస్వాదన ఎలా కలిగింది, ఎలా పోయింది అన్న చర్చలో మాత్రం ఆ సర్వనామాన్ని తప్పించుకోవడం నిజాయితీ కాదు.

2. ఆల్బమ్ – ప్రక్రియ

ప్రోగ్రెసివ్ రాక్ 1960ల చివర ఇంగ్లండులో రూపుదిద్దుకొంది. మూడు నిమిషాల పాట చట్రాన్ని కాదని, అనేక భాగాలుగా సాగే దీర్ఘరచనలను, మారే లయలను, వాద్యప్రౌఢిని అది ఆశ్రయించింది. కింగ్ క్రిమ్సన్ 1969 నాటి తొలి ఆల్బమ్, యెస్ బృందం 1972లో తెచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఈ ధోరణికి ప్రసిద్ధ నిదర్శనాలు. కెనడాకు చెందిన రష్ బృందం 1976లో ‘2112’తో దీనికి హార్డ్ రాక్ బరువును జోడించింది. ఆ ఆల్బమ్‌లో ఒక పక్క మొత్తాన్ని ఒకే రచన ఆక్రమిస్తుంది. వంద పద్యాల శతకానికీ ఆశ్వాసాల ప్రబంధానికీ ఉన్న తేడా వంటిదే మామూలు రాక్ పాటకూ దీనికీ ఉన్న తేడా అని తెలుగు పాఠకుడికి చెప్పవచ్చు. ప్రబంధంపై వచ్చిన ఆక్షేపణలన్నీ దీనిమీదా వచ్చాయి: వర్ణన ఎక్కువ, కథ తక్కువ; ప్రౌఢి ఎక్కువ, ప్రాణం తక్కువ.

అగమ్ ఈ మార్గంలో కర్ణాటక సంగీతాన్ని కేంద్రంగా ఎంచుకొంది. గాయకుడు, వయొలిన్ వాదకుడు హరీశ్ శివరామకృష్ణన్ గళం చుట్టూ ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్ గిటార్, కీబోర్డు, డ్రమ్స్ నిలుస్తాయి. 2012 నాటి ఈ ఆల్బమ్ ఒకే భాషకు కట్టుబడినది కాదు. ‘ధనశ్రీ తిల్లానా’ స్వాతి తిరునాళ్ రచన. ‘ది బోట్ సాంగ్’ కేరళ పడవపాటల జోరును తలపిస్తుంది. ‘మల్హార్ జామ్’ పేరే దాని స్వభావాన్ని చెబుతుంది. తెలుగు విద్యార్థికి ముఖ్యమైనది ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’. హంసనాదమనే రాగం పేరులోని హంసను సరస్వతీవాహనంగా మార్చి పెట్టిన పేరు అది. కృతి మాత్రం రాముడిది, అందులోనూ ఆయుధధారి అయిన రాముడి సేవకుడిది. ఈ పేరు వినేవారిని కొంత పక్కదారి పట్టిస్తుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బృందం పేరు మరింత ఆలోచింపజేస్తుంది. ‘అగమ్’ అంటే తమిళంలో లోపల. సంగం సాహిత్యం కవితావస్తువును అగం, పురం అని విభజించింది. మొదటిది అంతరంగానిది, ప్రేమది. రెండవది బహిరంగానిది, యుద్ధానిది, కీర్తిది. త్యాగరాజు ఈ కృతిలో చేసింది ఈ రెంటినీ కలపడమే. భక్తి అనే లోపలి విషయాన్ని కవచం, బిళ్ళ, కత్తి అనే పురం పరికరాలతో చెప్పాడు. ‘అంతరాత్మ మేల్కొంటుంది’ అనే అర్థం గల శీర్షికతో ఈ బృందం తెచ్చిన ఆల్బమ్‌లో ఇదే కృతి ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. పరిశీలకుడికి మాత్రం అది ఒక తలుపు.

3. ఆసక్తి ఎందుకు పోయింది?

ధ్వన్యాలోకలోచనంలో అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ, కావ్యాలను పదేపదే అనుశీలించడం వల్ల మనస్సు అద్దంలా నిర్మలమవుతుందని, అలాంటి మనస్సుకే వర్ణ్యవస్తువుతో తన్మయత్వం సాధ్యమని అంటాడు. చదువు పెరిగినకొద్దీ ఆస్వాదన పెరగాలన్నది దీని తాత్పర్యం. నా విషయంలో జరిగింది దీనికి వ్యతిరేకం. పదసాహిత్య ఛందస్సుపై సిద్ధాంతగ్రంథం రాస్తున్న కాలంలోనే ఈ ఆల్బమ్ నాకు చేదైంది. అనుశీలనం అద్దాన్ని తుడిచిందా, గీతలు పెట్టిందా? పరిశోధకులు చాలామంది తమకు ఇష్టమైన రచయిత విషయంలో ఈ ప్రశ్నను ఎదుర్కొనే ఉంటారు, బయటికి చెప్పుకోకపోయినా.

దీనికి సమాధానం అభినవగుప్తుడి దగ్గరే ఉంది. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలోని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ ఆయన అభినవభారతిలో ఏడు రసవిఘ్నాలను చర్చించాడు. వాటిలో మూడు నాకు నేరుగా తగిలాయి.

మొదటిది అప్రధానత. ముఖ్యమైనది అముఖ్యమై, ఉపకరణాలు ముందుకు వచ్చినప్పుడు రసప్రతీతి నిలవదు. నేను ఆల్బమ్‌పై చేసిన ఆరోపణ ఇదే: సాహిత్యం వెనక్కి పోయింది, గిటారు ముందుకు వచ్చింది. రెండవది ప్రతీత్యుపాయ వైకల్యం, అంటే గ్రహించడానికి తగిన సాధనం లోపించడం. దీన్ని ఆ రోజుల్లో ఆల్బమ్ లోపంగానే లెక్కించాను. వింటున్నది రోడ్డు పక్కన కొన్న ఇయర్‌ఫోన్లతో, పలుమార్లు కాపీ అయి నాణ్యత కోల్పోయిన ఫైలుతో అన్న సంగతి నా లెక్కలోకి రాలేదు. తాళపత్రప్రతి శిథిలమైతే కవిని తప్పుపట్టని పరిష్కర్తల సంప్రదాయంలో చదువుకొని కూడా ఈ పొరపాటు చేశాను.

మూడవది అన్నిటికన్నా బలమైనది: నిజసుఖాది వివశీభావం. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగినవాడు ఎదుట ఉన్న వస్తువుపై మనస్సు నిలపలేడు. అప్పుడు నాకు డాక్టరేటు చేతికి వస్తోంది, ఉద్యోగం లేదు. నియామక ప్రకటన కోసం ఎదురుచూపులు, అతిథి అధ్యాపకుడిగా గంటల లెక్కన బోధన. ఆ రోజుల్లో ‘కొలువు’ అనే మాటకు పత్రికాశీర్షికల అర్థం ఒక్కటే నాకు వినిపించేది. చేతులు కట్టుకొని కొలువు ఇమ్మని అడిగే పల్లవి, రాత్రి పదకొండు గంటలకు, అంత పెద్ద శబ్దంతో, పదేపదే! ఆ పాటను ఆపేసిన రాత్రి నాకు గుర్తుంది. ఆపడానికి కారణం అపస్వరం కాదు, ఉచ్చారణదోషం కాదు. ఆ యాచన నాదిగా వినిపించింది. ఆ తరువాత నెలల్లో ఆ అసహనానికి శాస్త్రీయకారణాలు వెతికాను. అవి దొరికాయి కూడా. వెతికేవాడికి ఎప్పుడూ దొరుకుతాయి.

అభినవగుప్తుడు ఈ విఘ్నానికి చెప్పిన పరిహారం గమనార్హం. సొంత బాధల్లో చిక్కుకొన్న ప్రేక్షకుణ్ణి బయటికి లాగడానికే నాట్యంలో గానం, వాద్యాలు, అలంకృతమైన రంగమంటపం మొదలైనవి ఉన్నాయంటాడు. అంటే వాద్యాల పని శ్రోతను సాహిత్యం దగ్గరికి చేర్చడం. నేను అడ్డంకి అని పేరుపెట్టిన వాద్యఘోషే శాస్త్రం దృష్టిలో నాకు మందు. రోగి మందును కాదనడం కొత్తేమీ కాదు.

ఇక్కడ ఒక సాంస్కృతిక కారణాన్నీ చెప్పాలి. గిటారు పట్ల తెలుగు విద్యావంతుడి వైఖరిని తీర్చిదిద్దిన ఘట్టం ‘శంకరాభరణం’లో ఉంది. 1980లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో వీధిలో పాశ్చాత్య బాణీలు మోగించే కుర్రవాళ్ళు శంకరశాస్త్రిని ఎగతాళి చేస్తారు. ఆయన వాళ్ళ బాణీకి అక్కడికక్కడే స్వరాలు పలికి, తన స్వరాలను తిరిగి పాడమంటాడు. వాళ్ళు పాడలేరు. ఆ పాత్రకు గానం అందించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు వారు తమవాడిగా చెప్పుకొనే గాయకుడు కాబట్టి మా ప్రాంతంలో ఆ ఘట్టానికి మరింత మమకారం. నేనూ దాన్ని ఎన్నోసార్లు చూసి ఆనందించాను. అయితే అది సులభమైన విజయం. ఎదుటి కుర్రవాళ్ళకు స్వరజ్ఞానం లేదు కాబట్టి కథ అక్కడ ముగిసింది. గిటారు పట్టుకున్నవాడే ఆ స్వరాలను తిరిగి పాడగలిగితే? అగమ్ వంటి బృందాలు ఆ దృశ్యానికి రాయని కొనసాగింపు. మన విమర్శ మాత్రం దృశ్యం ముగిసినచోటే నిలబడి ఉంది.

4. గాంధారం లేని రాగం, గాంధారం లేని గిటారు

పునఃశ్రవణంలో మొదట కూలిపోయిన నా ఆరోపణ, ఈ వాద్యాలకూ ఈ రాగానికీ పొత్తు కుదరదన్నది. హంసనాదం 60వ మేళకర్త నీతిమతి జన్యం. నేటి వ్యవహారంలో దీని స్వరాలు షడ్జం, చతుశ్రుతి రిషభం, ప్రతిమధ్యమం, పంచమం, కాకలి నిషాదం. గాంధారం లేదు, ధైవతం కూడా నేటి పాడుకలో లేదు.

పాశ్చాత్య స్వరసంవాదం సాధారణంగా మూలస్వరం, దానికి మూడవది, అయిదవది కలిపి నిర్మించే కూటమిపై నిలుస్తుంది. ఆ మూడవ స్వరమే కూటమికి హర్షాన్నో విషాదాన్నో ఆపాదిస్తుంది. షడ్జంపై అలాంటి కూటమి కట్టాలంటే గాంధారం కావాలి. కనుక పియానో తరహా సంవాదంతో హంసనాదాన్ని నింపబోతే రాగం చెడుతుంది. సినిమా వాద్యసమ్మేళనాల్లో కర్ణాటక రాగాలు ‘తీయగా’ మారి తమ ముఖం పోగొట్టుకోవడానికి ఇదొక కారణం.

హార్డ్ రాక్ గిటారు అలా కాదు. ధ్వనిని డిస్టార్షన్‌తో చీల్చి వాయించేటప్పుడు మూడవ స్వరం చేరితే నాదం బురదబురదగా వినిపిస్తుంది. అందుకని వారు దాన్ని వదిలేసి, మూలస్వరం, పంచమం రెంటినే మోగిస్తారు. దాన్నే పవర్ కార్డ్ అంటారు. షడ్జ పంచమాల జంట అంటే మనకు కొత్తదా? తంబురా చేసే పని అదే. గాంధారాన్ని వదిలిన రాగానికి గాంధారాన్ని వదిలిన గిటారు జతపడింది. లెక్క వేస్తే హంసనాదంలోని అయిదు స్వరాల్లో మూడింటికి, అంటే షడ్జానికి, పంచమానికి, నిషాదానికి, వాటి వాటి పంచమాలు రాగంలోనే దొరుకుతాయి: షడ్జానికి పంచమం, పంచమానికి రిషభం, నిషాదానికి ప్రతిమధ్యమం. రిషభానికీ మధ్యమానికీ మాత్రం దొరకవు. అంటే ఈ రాగంలో గిటారుకు మూడు స్థానాల్లో నిలబడే హక్కు ఉంది. వీణమీద శిక్షణ పొందినవారికి ఇది చిన్న విషయం కావచ్చు. సాహిత్యవిద్యార్థినైన నాకు మాత్రం ఇది కళ్ళు తెరిపించింది. నేను ‘ఘోష’ అన్నది వేడెక్కిన తంబురా.

పరాయి వాద్యాన్ని సొంతం చేసుకోవడం మన సంగీతానికి కొత్త కాదన్న వాదన అందరికీ తెలిసినదే. వయొలిన్ గాథ చెప్పనక్కరలేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండలిన్‌పై గమకాలు పలికించి కచేరీవేదికపై దానికి గౌరవం సంపాదించాడు. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించాడు. త్యాగరాజు కాలంలోనే శరభోజి ఆస్థానంలో యూరోపియన్ బ్యాండు ఉండేది. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృతంలో నొట్టుస్వరసాహిత్యం కూర్చారు. కాబట్టి ‘కలపవచ్చునా?’ అనే ప్రశ్న రెండు శతాబ్దాల కిందటే తీరింది. మిగిలిన ప్రశ్న, కలిపినప్పుడు మాట ఏమైంది?

5. బంటు, బిళ్ళ, ఖడ్గం

కృతి నిర్మాణాన్ని ఒకసారి చూద్దాం. పల్లవిలో భక్తుడు రాముణ్ణి బంటు కొలువు అడుగుతాడు. అనుపల్లవిలో ఆ బంటు చేయవలసిన పని ఉంది: చెరకువిల్లు పట్టిన మన్మథుడితో మొదలుపెట్టి మదం వంటి అంతశ్శత్రువులను నేలకూల్చడం. చరణంలో ఆ పనికి కావలసిన సరంజామా: కంచుకం, ముద్రబిళ్ళ, ఖడ్గం. వీటిపై వరుసగా రోమాంచం, రామభక్తుడనే గుర్తింపు, రామనామం ఆరోపితమయ్యాయి. అవయవాలన్నీ కుదిరిన సాంగరూపకం. పదవి, విధి, పరికరాలు అన్న క్రమం నియామకపత్రం లాగే ఉంది.

ఇక్కడ విల్లుకు విల్లు పోటీ. ప్రభువు కోదండపాణి, శత్రువు చెరకువింటివాడు. మా బుచ్చిరెడ్డిపాలెంలో దొడ్ల వంశీయులు కట్టించిన కోదండరామస్వామి ఆలయం ముందు నిలబడి ఈ అనుపల్లవిని తలుచుకుంటే ఆ రెండు విళ్ళ ఎదురుబొదురు మరింత స్పష్టమవుతుంది. బంటు చేతికి మాత్రం కవి విల్లు ఇవ్వలేదు, కత్తి ఇచ్చాడు. విల్లు యజమానిది. దూరం నుంచి కొట్టగలవాడు ప్రభువు. దగ్గరికి వెళ్ళి తలపడవలసినవాడు సేవకుడు. కాముడితో పోరు ఎప్పుడూ చేరువలోనే జరుగుతుంది మరి.

ముద్రబిళ్ళ నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. కంచుకం, ఖడ్గం సంస్కృతపదాలు, కావ్యాల్లో కనిపించేవి. బిళ్ళ కచేరీసావడి నుంచి వచ్చిన మాట. డవాలు బంట్రోతు రొమ్ముమీద మెరిసే ఇత్తడిబిళ్ళను చూసిన తరాలకు అది రాజ్యాధికారచిహ్నం. 1799లో తంజావూరు పరిపాలన ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది; రాజు కోటకు పరిమితమయ్యాడు. ఎవరి బిళ్ళ ఎవరు ధరించాలి అన్నది ఆనాటి తంజావూరు సీమలో అలంకారశాస్త్రప్రశ్న మాత్రమే అయి ఉండదు. శరభోజి ఆస్థానాన్ని నిరాకరించాడని సంప్రదాయం చెప్పుకొనే త్యాగరాజు, అదే ఆస్థానపరిభాషతో రాముడి దగ్గర ఉద్యోగం అడగడంలోని చమత్కారం ఇదే. తొలి కావ్యం మనుమసిద్ధికి ఇచ్చి, భారతాన్ని హరిహరనాథుడికి అంకితం చేసిన తిక్కన ఊరివాళ్ళం కనుక ఈ కొలువు మార్పిడి మాకు బాగానే అర్థమవుతుంది. తరగతిలో ముద్రబిళ్ళ అంటే ఏమిటని అడిగితే ఒక అమ్మాయి మెడలోని కళాశాల గుర్తింపుకార్డు ఎత్తి చూపింది. నిఘంటువు అంతకన్నా బాగా చెప్పలేదు.

రోమాంచం సంగతి. స్తంభం, స్వేదం మొదలైన ఎనిమిది సాత్త్వికభావాల్లో ఇది ఒకటి. భరతుడు దీనికి హర్షాన్నే కాక స్పర్శ, భయం, చలి, కోపం, రోగం వంటి కారణాలను కూడా చెప్పాడు. ఒళ్ళు గగుర్పొడవడం దానంతట అదే ఉన్నతమైనది కాదు. దేనివల్ల గగుర్పొడిచింది అన్నదే విషయం. త్యాగరాజు దీన్ని కవచం చేయడంలో అపూర్వత ఉంది. కవచం బయటినుంచి తొడిగేది. రోమాంచం చర్మంలోంచే మొలిచేది. శరీరం తన స్పందననే తనకు రక్షణగా నేసుకొంటుంది. స్పందన ఆగిన రోజు కవచం ఉండదు. పదేళ్ళు ఈ పాటకు గగుర్పాటు లేకుండా బతికిన శ్రోతగా ఈ రూపకాన్ని నేను కాస్త ఇబ్బందితోనే చదువుకున్నాను.

ఇంత సంపద ఆల్బమ్‌లో వినిపిస్తుందా? ఒకంతమేరకు వినిపిస్తుంది. డ్రమ్స్ నడక వల్ల ‘బంటు’ అన్న మాటకు సైనికార్థం తిరిగి వచ్చింది. కచేరీల్లో ఈ కృతి తరచు మృదువైన విన్నపంగా సాగుతుంది. వినయం వినిపిస్తుంది, కండబలం వినిపించదు. కొలువు అడిగేవాడు పోరాడగలవాడని రాక్ రూపం గుర్తుచేసింది. ప్రాస విషయం మరీ విశేషం. పల్లవి ‘బంటు’తో, అనుపల్లవి ‘తుంట’తో మొదలవుతాయి. రెండవ అక్షరం నిండుసున్న ముందున్న టకారం. ముక్కులో మోగి అంగిట తగిలే ఆ ధ్వని స్వభావతః మద్దెలదెబ్బ. పరిశోధనకాలంలో ప్రాసను కాగితంమీద గీతలు గీసి గుర్తించాను గాని, అది దెబ్బ అని చెవికి తెలిసింది ఈ రెండవ ఆవృత్తిలోనే.

ఇక లోపాలు. నా పాత ఆరోపణల్లో కొన్ని నిలబడతాయి. మాటల స్పష్టతకు కీలకమైన హల్లుల ధ్వని చాలావరకు 2000–4000 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది. డిస్టార్షన్ గిటారు, డ్రమ్స్ తాళపుచప్పుడు ఆ ప్రాంతంలోనే గుంపుకడతాయి. ఫలితంగా అచ్చులు బతుకుతాయి, హల్లులు మునుగుతాయి. రాగానికి అచ్చులు చాలు, సాహిత్యానికి చాలవు. పైగా పల్లవి వాద్యాల బలంతో ఎంతగా మనసులో ముద్రపడుతుందంటే చరణం నీడలో పడుతుంది. ఏడాదిపాటు రోజూ విన్న నాకు ఆ రోజుల్లో కంచుకం, బిళ్ళ, ఖడ్గం ఎన్నడూ మనసుకు తట్టలేదు. కొలువు ఒక్కటే తట్టింది. నా స్వస్థితి దానికి సగం కారణమైతే, రచన బరువును పంచిన తీరు మిగతా సగం.

మరొకటి రిఫ్‌కూ సంగతికీ ఉన్న వైరుధ్యం. రిఫ్ అంటే మారకుండా తిరిగివచ్చే చిన్న స్వరఖండం. రాక్ సంగీతానికి వెన్నెముక. సంగతి అంటే తిరిగివచ్చిన ప్రతిసారీ మారే పంక్తి. మొదటిది స్థిరత్వంతో పట్టుకొంటుంది, రెండవది పెరుగుదలతో పట్టుకొంటుంది. సంగతులను కృతిస్వరూపంలో భాగం చేసిన ఘనత త్యాగరాజుకు ఇస్తారు. అలాంటివాడి రచనకు రిఫ్‌ను ఆధారం చేస్తే పెరుగుదల ఎక్కడో ఆగుతుంది. పరిశోధకుడిగా ఇది క్షమించరాని దోషమన్నాను. ఇప్పుడు అంత తీవ్రంగా అనను. రిఫ్ కింద నడుస్తూ ఉండగా గళం పైన సంచరించే చోట్ల, కవాతు చేసే కాళ్ళూ ప్రార్థించే నోరూ ఒకే శరీరంలో ఉన్నట్టు ఉంటుంది. గళం కూడా రిఫ్‌కు లొంగిపోయిన చోట్ల మాత్రం బంటు లేడు, కవాతు మాత్రమే ఉంది. ఈ రెంటినీ వేరుచేసి చూడకుండా మొత్తాన్ని మెచ్చుకోవడం, మొత్తాన్ని తోసేయడం రెండూ ఒకే రకం సోమరితనం. ఆ రెండూ చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

6. తక్కిన పాటలు

‘ధనశ్రీ తిల్లానా’ ఈ ఆల్బమ్‌లో ఎక్కడా తడబడని రచన. కారణం స్పష్టం. తిల్లానాలో జతులదే రాజ్యం. హల్లులు అక్కడ అర్థానికి కాక లయకు పనిచేస్తాయి కాబట్టి వాద్యాల్లో మునిగినా నష్టం లేదు. అయితే పోయేదేమీ లేనిచోట నెగ్గడం పెద్ద గెలుపు కాదు. ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’లో తడబాట్లున్నాయి గాని పందెం పెద్దది. 2012లో నా ఇష్టాల వరుసలో తిల్లానా మొదట ఉండేది. ఇప్పుడు ఆ స్థానం మారింది. ‘ది బోట్ సాంగ్’ ఉత్సాహం తగ్గలేదు. మలయాళం తెలిసినవారే దానిపై తీర్పు చెప్పాలి.

తెలుగుశాఖలు ఇలాంటి రూపాలను పాఠ్యప్రణాళికకు బయటి సంగతిగా వదిలేయడం వల్ల కలిగే నష్టం ఒకటుంది. తెలుగు మాతృభాష కాని గాయకులు, తెలుగు తెలియని లక్షల శ్రోతల కోసం తెలుగు కృతిని పాడుతున్నప్పుడు, ఏ పదం ఎక్కడ విరగకూడదో చెప్పగలిగే స్థానంలో ఉన్నది మనమే. మనం వాద్యఘోష అని చెవులు మూసుకుంటే ఆ మాట చెప్పేవారుండరు. ఈ కృతి ప్రాస, పదవిభాగం, రూపకాల వరుసలతో రెండు పుటల పాఠం తయారుచేసి, కచేరీగానాన్నీ అగమ్ రూపాన్నీ పక్కపక్కన వినిపించి ఈ సెమిస్టరులో బోధిస్తున్నాను. మొదట నవ్విన తరగతే ఇప్పుడు చరణం దగ్గర ఆపి మళ్ళీ పెట్టమంటోంది. హల్లులు వినిపించని చోట్ల పెన్సిలుతో గుర్తుపెట్టుకొంటున్నారు. ఆ గుర్తుల్లో కొన్ని నావాటితో కలవవు. వాళ్ళ చెవులు ఈ ధ్వనికి నాకన్నా అలవాటుపడినవి.

‘మల్హార్ జామ్’ను మాత్రం ఇప్పటికీ సగంలో ఆపేస్తున్నాను.